మామయ్యగారి డబ్బా లేచింది

మీ ఇళ్లల్లో ఎలాగో గానీ, మా ఇంట్లో ఏ వస్తువు పాడైనా ముందు దాన్ని చివరిసారి ముట్టుకున్నది ఎవరు అని విచారణ మొదలవుతుంది. మిక్సీ అయినా అంతే, గీజర్ అయినా అంతే. మొన్న జూన్‌లో మామయ్యగారి కంప్యూటర్ పోయినప్పుడు మాత్రం ఆ విచారణ జరగలేదు. జరిగి ఉంటే దొరికిపోయేదాన్ని నేనే.

ఆ రోజు తొలకరి వాన. సాయంత్రం నాలుగింటికే చీకటి కమ్మేసింది. కరెంటు పోవడం, రావడం, మళ్లీ పోవడం. మామయ్యగారు కుర్చీలోంచి, "అమ్మాయ్, ఆ కంప్యూటర్ ప్లగ్గు తీసెయ్, కరెంటు ఆటలాడుతోంది" అన్నారు. ఆ ప్లగ్గు టేబుల్ వెనక కిందెక్కడో ఉంటుంది, ఆయన వంగలేరు. నేను పొయ్యి మీద బజ్జీలు వేస్తున్నా. "ఆ, తీస్తా మామయ్యగారూ" అన్నా. ఇంతలో మేడ మీద బట్టలు గుర్తొచ్చాయి. పరుగెత్తా. బట్టలు తీసుకుని దిగుతుండగానే పెద్ద ఉరుము, హాల్లో లైటు ఒక్కసారి భగ్గున వెలిగి ఆరిపోయింది. యూపీఎస్ ఉందా అంటే ఉంది, దాని బ్యాటరీ పోయి రెండేళ్లయింది. మార్పిద్దాం అనుకుంటూనే ఉన్నాం.

మర్నాడు ఆయన బటన్ నొక్కితే లోపల ఫ్యాను ఒక్క క్షణం తిరిగి ఆగిపోయింది. మళ్లీ నొక్కితే అదీ లేదు.

ఈ కంప్యూటర్ సంగతి కొంచెం చెప్పాలి. 2014లో మా అమ్మాయి ఇంటర్లో చేరినప్పుడు కొన్నాం. మా వారు సికింద్రాబాద్ సీటీసీలో ఒక శనివారమంతా తిరిగి, ఒక్కో భాగం ఒక్కో షాపులో బేరమాడి, అక్కడే బిగింపించి తెచ్చారు. పిల్లలకు ఫోన్లు వచ్చాక దాన్ని పట్టించుకునేవాళ్లు లేకుండా పోయారు. అప్పుడు మామయ్యగారు దగ్గరికి తీశారు. ఆయన జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారుగా రిటైరయ్యారు. డెబ్బై దాటాక, మా వీధిలో డీటీపీ సెంటర్ కుర్రాడి చేత అను ఫాంట్లు వేయించుకుని, ఏ మీట మీద ఏ అక్షరమో తెల్లకాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించుకుని, ఒంటివేలితో తెలుగు టైపు చేయడం నేర్చుకున్నారు. ఆ కాగితం ఇప్పటికీ అక్కడే ఉంది, పసుపు రంగులోకి మారింది.

2018 చివర్లో అత్తయ్య తుంటి విరిగి మంచాన పడ్డారు. టీవీ కనపడుతుందని మంచం హాల్లోకి, కంప్యూటర్ పక్కకి జరిపాం. ఎనిమిది నెలలు. ఆ ఎనిమిది నెలల్లో ఆవిడ చెప్పడం, ఈయన టైపు చేయడం. ఏం చెప్పేవారంటే, చదివింపుల లెక్కలు. ఎవరి పెళ్లికి ఎవరు ఏం చదివించారు, ఎవరి గృహప్రవేశానికి మనం ఏ చీర పెట్టాం, వాళ్లు తిరిగి ఏం పెట్టారు. మధ్యలో గుర్తొస్తే ఆవకాయ కొలతలు, ఏ నోముకి ఎన్ని వాయనాలు, ఊళ్లో ఏ ఇంటివాళ్లకి మనం ఎలా చుట్టాలం. వంటింట్లోంచి వింటూ నేను నవ్వుకునేదాన్ని. "నీలం అంచు కాదండీ, నెమలికంఠం అంచు, సరిచేయండి" అని ఆవిడ మంచం మీంచి గద్దించడం, ఈయన వెనక్కి వెళ్లి ఒక్కో అక్షరం చెరిపి మళ్లీ కొట్టడం. ఆ ఫైలుకి ఆయన పెట్టిన పేరు 'పద్దు'. 2019లో అత్తయ్య పోయారు. తర్వాత కూడా ఆయన రోజూ ఒక గంట ఆ ఫైలు తెరిచి కూర్చునేవారు. కొత్తగా ఏమీ రాసేవారు కాదనుకుంటా. తప్పులు దిద్దేవారు.

దానికి ఇంకో కాపీ ఎక్కడా లేదు. "తాతయ్య ఫైలు పెన్ డ్రైవ్‌లో వేసి దాచమ్మా" అని మా అమ్మాయి రెండేళ్ల కిందటే చెప్పింది. పెన్ డ్రైవ్ కొన్నాను కూడా. పోపుల డబ్బా పక్కన పెట్టాను. అక్కడే ఉంది.

మా వీధి చివర రిపేరు షాపు అబ్బాయి వచ్చాడు. డబ్బా పక్క రేకు ఊడదీస్తే లోపల పదేళ్ల దుమ్ము. ర్యామ్ ముక్క తీసి, దాని బంగారు రంగు అంచుల్ని పిల్లలు వాడే రబ్బరుతో రుద్ది మళ్లీ పెట్టాడు. వాళ్లందరూ మొదట చేసే వైద్యం అదేనట, చాలాసార్లు పనిచేస్తుందట కూడా. మాకు పనిచేయలేదు. తన దగ్గరున్న ఇంకో ఎస్ఎంపీఎస్, అదే కరెంటు సరఫరా చేసే పెట్టె, తగిలించి చూశాడు. లాభం లేదు. "మదర్‌బోర్డు పోయింది ఆంటీ" అన్నాడు.

మా వారు, "పదేళ్ల డబ్బాకి ఇంకా ఖర్చు దేనికి? నాన్నకి ఒక ట్యాబ్ కొనేద్దాం" అన్నారు. మామయ్యగారు, "ఎందుకులేరా, ఇప్పుడు నాకేం అవసరం" అన్నారు. మగవాళ్లకి ఆ 'ఎందుకులేరా' ఎందుకు వినపడదో నాకు ఈ ఇరవై అయిదేళ్లలో అర్థం కాలేదు. నేను షాపు అబ్బాయితో బోర్డు వేసెయ్యమన్నా.

బోర్డు అంటే ఏదో ఒకటి సరిపోదట. మా ప్రాసెసర్ నాలుగో తరం ఐ3. అది కూర్చునే గుంట ఉన్న బోర్డే కావాలి, 1150 సాకెట్ అంటారు. పాత ర్యామ్ డీడీఆర్3, అది పట్టే బోర్డే కావాలి. పాత పట్టుచీరకి జాకెట్టు ముక్క వెతికినట్టు అతను సీటీసీలో వెతికి తెచ్చాడు. బోర్డు 3,200, బిగింపు 500. మర్నాడు సాయంత్రం ఫోన్ చేశాడు.

"బోర్డు బాగానే ఉంది ఆంటీ. పాత విండోస్ ఎత్తుకోవట్లేదు. ఫార్మాట్ కొట్టి కొత్తది వేసేస్తా."

ఫార్మాట్ అన్న మాట మనకి తెలుసు కదా. నేనూ మామయ్యగారూ ఇద్దరం షాపుకి వెళ్లాం. "డీ డ్రైవ్‌లోవి ఎక్కడికీ పోవు, సీలోవే పోతాయి" అన్నాడు. మామయ్యగారు నెమ్మదిగా, "నాది సీలోనూ లేదు, డీలోనూ లేదు బాబూ, డెస్క్‌టాప్ మీద ఉంది, ఎదురుగానే" అన్నారు. "డెస్క్‌టాప్ అంటే సీయే తాతయ్యా" అన్నాడతను. ఎదురుగా కనపడుతోంది కదా, అంతకంటే భద్రమైన చోటేముంటుంది అని నేనూ అనుకునేదాన్ని. ఇది చదివేవాళ్లలో ఎంతమంది ఫోటోలు ఇప్పుడు డెస్క్‌టాప్ మీద ఉన్నాయో ఒకసారి చూసుకోండి.

అబ్బాయి మంచివాడే. హార్డ్‌డిస్క్ ఊడదీసి తన కంప్యూటర్‌కి తగిలించి, 'పద్దు' వెతికి, నేను పోపుల డబ్బా పక్కనుంచి పట్టుకెళ్లిన పెన్ డ్రైవ్‌లో కాపీ చేశాడు. హమ్మయ్య అనుకున్నా. "ఒకసారి తెరిచి చూపించు నాన్నా" అన్నా. తెరిచాడు. తెలుగు లేదు. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, వాటి మీద చుక్కలు, కొమ్ములు, మధ్యలో ప్రశ్నార్థకాలు. చివరి దాకా అంతే. "ఫైలు కరప్ట్ అయిపోయింది ఆంటీ" అన్నాడు. మామయ్యగారు కళ్లజోడు తీసి పంచె అంచుతో తుడుచుకుని మళ్లీ పెట్టుకుని చూశారు. ఏమీ అనలేదు. నాకు మాత్రం పొయ్యి మీద బజ్జీలు, టేబుల్ వెనక ప్లగ్గు కళ్లముందు కదిలాయి.

ఆ తెరని ఫోటో తీసి బెంగళూరులో ఉన్న మా అమ్మాయికి వాట్సాప్‌లో పంపా. అది సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టింగ్ చేస్తుంది. చుట్టాలెవరైనా ప్రింటర్ పనిచేయట్లేదని ఫోన్ చేస్తే "సాఫ్ట్‌వేర్ అంటే అది కాదత్తా" అని ఏడుస్తుంది. ఫోటో చూడగానే ఫోన్ చేసింది.

"అమ్మా, ఇది కరప్ట్ కాదు. ఫాంటు లేదంతే."

దానికి తెలిసింది అది చెప్పింది, నాకు అర్థమైంది నేను చెప్తున్నా. ఇప్పుడు మనం ఫోన్లో కొట్టే తెలుగు యూనికోడ్. అందులో 'క' అంటే లోకంలో ఏ ఫోన్లో అయినా 'క'యే. పాత డీటీపీ ఫాంట్లు అలా కాదు. ఫైలు లోపల ఉండేవి ఇంగ్లీషు అక్షరాల గుర్తులే, ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుంది. ఫాంటు లేనిచోట తెరిస్తే వేషం లేకుండా నిలబడతాయి. లోపల మనిషి మనిషే. షాపు కంప్యూటర్లో ఆ ఫాంట్లు లేవు, అదీ సంగతి.

"అయితే ఆ ఫాంట్లు వేసిన కుర్రాణ్ణి అడుగు."

"ఆ షాపు ఇప్పుడు కర్రీ పాయింట్ అయిందే."

అది కాసేపు ఆలోచించి, "సరే, ఆ పాత విండోస్ ఒక్కసారి లేస్తే చాలు. దాంట్లో ఫాంటు ఉంది, ఫైలుంది. లేవగానే పీడీఎఫ్ చేసేద్దాం. పీడీఎఫ్ చేస్తే ఫాంటు కూడా దాంతోపాటే వెళ్తుంది, ఎక్కడ తెరిచినా తెలుగే కనిపిస్తుంది. ఫార్మాట్ మాత్రం చేయనివ్వకు" అంది.

డబ్బాని ఆటోలో ఇంటికి తెచ్చేశా. "మీ ఇష్టం ఆంటీ" అన్నాడు షాపు అబ్బాయి, మళ్లీ తెస్తారులే అన్నట్టు.

రాత్రి భోజనాలయ్యాక వీడియో కాల్. ఫోన్‌ని స్టీలు గ్లాసుకి ఆనించి నిలబెట్టా. బటన్ నొక్కితే కీ, కీ, కీ అని ఒకటే గోల, తెర మీద ఏమీ లేదు. నాకు చెమటలు పట్టాయి. "ఆటో కుదుపులకి ర్యామ్ కదిలి ఉంటుంది, ప్లగ్గు తీసి, రేకు తీసి, సరిగ్గా కూర్చోబెట్టు" అంది. ప్లగ్గు తీయడం ఈసారి మర్చిపోలేదు. ముందు డబ్బా ఇనుప భాగాన్ని చేత్తో ముట్టుకోమంది, ఒంట్లో ఉండే చిన్న కరెంటు దాని మీదకి పోవాలట. మా వారు వెనక నుంచి, "అవన్నీ ఎందుకు కెలకడం" అన్నారు. జీవితంలో మొదటిసారి కంప్యూటర్ లోపల చెయ్యి పెట్టా. ర్యామ్ ముక్కని రెండు బొటనవేళ్లతో నొక్కితే టక్కుమని క్లిప్పు పడింది. ప్రెషర్ కుక్కర్ మూత సరిగ్గా పడ్డప్పుడు చేతికి తెలుస్తుంది చూడండి, అచ్చం అలాగే.

ఈసారి నల్లని తెర మీద తెల్లని అక్షరాలు. రీబూట్ అండ్ సెలెక్ట్ ప్రాపర్ బూట్ డివైస్. షాపు అబ్బాయి చూసింది ఇదే.

"ఆఫ్ చేసి, ఆన్ చేస్తూనే డిలీట్ మీట టకటకా కొడుతూ ఉండు" అంది. కొట్టా. బూడిదరంగు తెర వచ్చింది. దీన్ని బయోస్ అంటారట. విండోస్ కంటే ముందు మేలుకునేది ఇది, బోర్డుతోపాటే వస్తుంది, ఇందులో అన్నీ బాణం మీటలతోనే. "ఏది మార్చినా ముందు ఫోటో తీసుకో. పాతది ఏం ఉందో కాగితం మీద రాయి." నోట్స్ రాయడం మామయ్యగారు తీసుకున్నారు. గడులు గీసి, పాతది, కొత్తది అని రెండు వరసలు పెట్టారు. మాస్టారు కదా.

ఒక పేజీలో మా హార్డ్‌డిస్క్ పేరు కనపడింది. "డిస్క్ బతికే ఉందమ్మా, బోర్డుకి కనపడుతోంది!" అని అది అక్కడ అరిచింది. ఇంకో పేజీలో బూట్ మోడ్ అని ఉంది, దాని ఎదురుగా యూఈఎఫ్ఐ ఓన్లీ. అదట మొదటి చిక్కు. మా విండోస్ 2014లో పాత పద్ధతిలో వేసింది. పాత పద్ధతిలో డిస్క్ మొట్టమొదటి గడిలోనే 'ఇలా మొదలుపెట్టు' అని రాసి ఉంటుంది. కొత్త పద్ధతిలో దానికి విడిగా ఒక చిన్న భాగం ఉంటుంది, కొత్త బోర్డు నేరుగా అక్కడే వెతుకుతుంది. మామయ్యగారు వింటూ, "అంటే ఉత్తరం బాగానే ఉంది, పిన్‌కోడ్ లేదు. కొత్త పోస్ట్‌మ్యాన్ పిన్‌కోడే చూస్తాడు. పాతవాడైతే పేరు చూసి ఇచ్చేవాడు" అన్నారు. మా అమ్మాయి రెండు క్షణాలు ఆగి, "తాతయ్యా, మా ఆఫీసులో కూడా ఎవరూ ఇంత బాగా చెప్పలేదు" అంది.

యూఈఎఫ్ఐ తీసి లెగసీ పెట్టా. ఎఫ్ 10 నొక్కి సేవ్ చేశా. నల్ల తెర, ఆ మీద విండోస్ నాలుగు గళ్ల బొమ్మ! కింద చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. ముగ్గురం ఊపిరి బిగబట్టి చూస్తున్నాం. చుక్కలు ఆగాయి. నీలం తెర వచ్చింది, ఏడుపు మొహం బొమ్మతో. ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్ అని రాసి, దానంతట అదే ఆగిపోయి, మళ్లీ మొదలైంది. మళ్లీ నీలం. ఆ తర్వాత రిపేరు చేస్తున్నా అని కాసేపు తిరిగి, నావల్ల కాలేదని చెప్పి, కొన్ని దారులు చూపించింది. అందులో ఒకటి 'రీసెట్ దిస్ పీసీ'. దాని లోపల 'కీప్ మై ఫైల్స్' అని ఎంతో మర్యాదగా ఉంది. ఫైళ్లు ఉంచుతానంటోంది కదా అని నా వేలు ఎంటర్ మీదకి వెళ్లింది.

"అమ్మా వద్దూ!"

ఫైళ్లు ఉంచుతుందట, మనం వేసుకున్న ప్రోగ్రాములన్నీ తీసేస్తుందట. ఫాంట్లు వేసిన ప్రోగ్రామ్ పోతే ఇక అయినట్టే. వేలు వెనక్కి తీసుకున్నా. అప్పటికి పదకొండున్నర. "రేపు పొద్దున్న చూద్దామమ్మా, నాకూ కొంచెం చదువుకోవాలి" అంది. మామయ్యగారు అత్తయ్య కుట్టిన ఎంబ్రాయిడరీ గుడ్డ తీసి మానిటర్ మీద కప్పారు. రేకు ఊడదీసిన డబ్బా మీద కప్పడానికి ఏం లేక నా పాత చున్నీ ఒకటి అడిగారు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆయనకీ పట్టలేదు, రెండుసార్లు మంచినీళ్లకి లేచిన చప్పుడు వినపడింది. రెండోసారి నేనూ లేచి వెళ్లా. "మామయ్యగారూ, ఆ రోజు మీరు ప్లగ్గు తీయమన్నారు" అని మొదలుపెట్టా. "అమ్మాయ్, ఫ్రిజ్‌లో నీళ్లు మరీ చల్లగా ఉన్నాయి, కుండలోవి ఇవ్వు" అన్నారు. ఇచ్చా. తాగి వెళ్లి పడుకున్నారు.

పొద్దున్నే ఆరున్నరకి ఫోన్. ఇడ్లీ రేకులు పొయ్యి మీద ఉన్నాయి. "అమ్మా, నిన్న తీసిన ఫోటోల్లో మూడోది చూడు. సాటా మోడ్ అని ఉంది చూశావా? దాని ఎదురుగా ఐడీఈ అని ఉంది. మన పాత బోర్డులో ఏహెచ్‌సీఐ ఉండి ఉంటుంది." డిస్క్‌తో బోర్డు మాట్లాడే భాష అది, రెండు రకాలు. విండోస్ మొదలయ్యేటప్పుడు తను రోజూ వాడే భాష ఒక్కటే వెంట తెచ్చుకుంటుందట, బరువెందుకని. గుమ్మం దాటి లోపలికి వచ్చి, అక్కడ వేరే భాష వినపడేసరికి తన డిస్క్ తనకే కనపడక బెంబేలెత్తి ఆ నీలం తెర చూపిస్తోంది. బోర్డుదీ తప్పు కాదు, డిస్క్‌దీ కాదు. నాకు నా పెళ్లయిన మొదటి వారం గుర్తొచ్చింది. తెనాలి వంటింట్లో అన్నీ ఉన్నాయి, ఏదెక్కడుందో తెలియదు, అడగాలంటే భయం.

ఐడీఈ తీసి ఏహెచ్‌సీఐ. మామయ్యగారు కాగితం మీద రాసుకున్నారు. ఎఫ్ 10.

విండోస్ బొమ్మ. చుక్కలు. చుక్కలు ఆగలేదు. కింద చిన్న అక్షరాల్లో గెటింగ్ డివైసెస్ రెడీ అని వచ్చింది, పక్కన శాతం అంకె. "కొత్త బోర్డుని పరిచయం చేసుకుంటోంది, ముట్టుకోకండి" అంది మా అమ్మాయి. అంకె పెరుగుతూ ఎక్కడో అలిగినట్టు ఆగింది. మళ్లీ కదిలింది. ఒకసారి ఆరి మళ్లీ వెలిగింది. ఇడ్లీలు మాడుతున్న వాసన మా వారు చెప్పేదాకా నాకు తెలియలేదు.

ఆ తర్వాత డెస్క్‌టాప్ వచ్చేసింది. మా పిల్లల పాత ఫోటో, ఎడమ పక్కన వరసగా గుర్తులు, అందులో 'పద్దు'. ఫోన్లో మా అమ్మాయి ఎగురుతోంది. మామయ్యగారు మాత్రం తెర కింద కుడి మూలకి చూస్తున్నారు. అక్కడ తేదీ 2014 జనవరి 1 అని ఉంది. కొత్త బోర్డులో ఎవరూ తేదీ పెట్టలేదు, దానికి తోచింది అది చూపిస్తోంది. "అప్పటికి ఈ కంప్యూటరే కొనలేదు" అని నవ్వా నేను.

"మీ అత్తయ్య అప్పుడు మేడ మెట్లు గబగబా ఎక్కేది" అన్నారాయన.

ఫైలు ఆయన్నే తెరవమన్నా. మౌస్ ఆయన చేతిలో కొంచెం వణికింది. తెరుచుకుంది. తెలుగు! గుండ్రటి, నిండైన, డీటీపీ తెలుగు. మొదటి పేజీలో మొదటి లైను తెనాలి ఇంటి గృహప్రవేశం చదివింపులు. 143 పేజీలు. పీడీఎఫ్ చేయడం ప్రింటు కొట్టినట్టే, ప్రింటర్ పేరు దగ్గర మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్ అని ఎంచుకోవడమే. ఇన్నేళ్లూ అది అక్కడే ఉంది, రెండు నిమిషాల పని.

మెయిల్ చేద్దామంటే ఇంకో పేచీ. ఏ సైట్ తెరిచినా 'మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు' అని ఎర్ర గుర్తు. నాకు మళ్లీ గుండె జారింది. తేదీ తప్పుంటే అంతేనట. సైట్లు చూపించే గుర్తింపు పత్రాలకి ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువుంటుంది, 2014లో నిలబడి చూస్తే అవన్నీ ఇంకా పుట్టని పత్రాలు. తేదీ సరిచేయడానికి వెళ్తే మామయ్యగారు, "మార్చాలా?" అన్నారు. మార్చాలి మామయ్యగారూ అన్నా. "సరే, కానీ" అన్నారు.

పీడీఎఫ్ పెన్ డ్రైవ్‌లోకి, మా అమ్మాయికి, చెన్నైలో చదువుతున్న మా అబ్బాయికి, నా ఫోన్‌లోకి వెళ్లింది. ఆ సాయంత్రమే జిరాక్స్ షాపులో రెండు కాపీలు తీయించి స్పైరల్ బైండింగ్ వేయించా. ఒకటి తెనాలిలో మా ఆడపడుచుకి కొరియర్ చేశా. అందిన రోజు ఫోన్ చేసింది. ఏడుస్తుందనుకున్నా. "వదినా, నా పెళ్లికి చిన్నపిన్ని 116 చదివించినట్టు రాసుందేంటి? 516! నా చేతికే ఇచ్చింది!" అంది. సరిచేయాలంటే ఇప్పుడు ఎవరి మాట నమ్మాలి? మామయ్యగారు, "మీ అమ్మ 116 అంది, అంతే" అని తేల్చేశారు.

రెండో కాపీ మధ్యాహ్నం పూట నేను చదువుతున్నా. ఆవకాయ దగ్గర ముక్కలు నాలుగు గిన్నెలైతే కారం ఒక గిన్నె, ఆవపిండి ఒక గిన్నె, ఉప్పు ముప్పావు, మెంతులు గుప్పెడు అని ఉంది. దాని కింద ఇంకో లైను. 'కోడలికి వెల్లుల్లి వాసన పడదు, చెప్పదు. దానికి విడిగా చిన్న జాడీ.' ఇన్నేళ్లూ ఆ వెల్లుల్లి లేని చిన్న జాడీ నోములకీ వ్రతాలకీ అనుకుంటూ తిన్నాను నేను.

కంప్యూటర్ ఇప్పుడు బాగానే నడుస్తోంది. యూపీఎస్‌కి కొత్త బ్యాటరీ వేయించాం. తెర మీద కుడి మూల మాత్రం 'యాక్టివేట్ విండోస్' అని నీళ్ల మరకలా ఒక రాత కనపడుతూ ఉంటుంది. విండోస్ లైసెన్సు పాత బోర్డుకి ముడిపడి ఉంటుందట, బోర్డు మారితే కొత్త కంప్యూటర్ అనుకుంటుంది. ముందే మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో కలిపి ఉంటే 'ఈమధ్య హార్డ్‌వేర్ మార్చాను' అని చెప్పుకోవచ్చట. మేం కలపలేదు. మీరు బోర్డు మార్పించే పని పడితే, పాతది ఇంకా కొన ఊపిరితో ఉండగానే ఆ పని చేసుకోండి. మామయ్యగారు ఆ రాతకి అలవాటు పడిపోయారు. ఫైలు కిటికీ పెద్దది చేసుకుని కూర్చుంటారు.

మొన్న టీ ఇవ్వడానికి వెళ్తే ఏదో టైపు చేస్తున్నారు. అయిదేళ్లలో ఆయన కొత్త లైను కొట్టడం నేను చూడలేదు. కప్పు పెడుతూ వంగి చూశా. చివరి పేజీలో, అత్తయ్య చెప్పిన లెక్కల కిందే, అదే వరసలో మూడు పద్దులు. మదర్‌బోర్డు 3,200. బిగింపు 500. లేపింది కోడలు, మనవరాలు.

ప్లగ్గు తీయనిది ఎవరో మాత్రం రాయలేదు.